కాంప్లెక్స్ ముందు గార్డెన్: కాంట్రాక్టర్‌కు ఇవ్వాలా, మాలిని పెట్టుకోవాలా?

హంటర్‌రోడ్ ఓనర్:
హంటర్‌రోడ్‌లో మా షాపింగ్ కాంప్లెక్స్ పని అయిపోవచ్చింది. ముందు 2,000 చదరపు అడుగుల జాగా ఉంది. ఒక ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టర్ మెక్సికన్ గడ్డి పరిచి, అంచున కోనోకార్పస్ పెట్టి ఇస్తానన్నాడు. పని అయిన రోజే మొత్తం డబ్బు కట్టాలట. మా తమ్ముడేమో మొక్కలు మనమే తెచ్చి మాలిని పెట్టుకుందాం అంటున్నాడు. ఏది నయం?

కాజీపేట వాసి:
తమ్ముడి మాట వినండన్నా. గన్నేరు, నందివర్ధనం, కాగితపు పూలు పెట్టడానికి కాంట్రాక్టర్ ఎందుకు? నర్సరీలో కొని తెచ్చుకుంటే సరిపోతుంది. నెలకు మాలి జీతం, అంతే.

హనుమకొండ మెయింటెనెన్స్:
నేను ఒక ఆస్పత్రి బిల్డింగ్ మెయింటెనెన్స్ చూస్తాను. ఇంటి ముందు తోటకైతే మాలి చాలు. కాంప్లెక్స్‌కు వాన నీటి వాలు, డ్రిప్ పైపులు, మట్టి అన్నీ ముందే చూడాలి. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ ఎట్లా మునిగిందో మనందరికీ తెలుసు. వాలు తప్పితే గార్డెన్ నీళ్లు షాపుల్లోకే వస్తాయి. కాబట్టి కాంట్రాక్టర్‌కే ఇవ్వండి, కానీ అతను చెప్పిన షరతు మీద మాత్రం వద్దు.

మా దగ్గర మొదట చేసినతను బిల్లు తీసుకుని వెళ్లిపోయాడు. ఎండాకాలం రాగానే మొక్కలు వరుసగా మాడిపోయాయి. గడ్డపారతో తవ్వి చూస్తే పైన నాలుగు వేళ్ల మందం ఎర్రమట్టి, కింద అంతా సిమెంట్ పెళ్లలు, టైల్స్ ముక్కలు. ఒక మొక్కను పీకితే నర్సరీ ప్లాస్టిక్ కవర్ వేళ్లకు అట్లాగే ఉంది! కవర్ చింపకుండానే పాతిపెట్టాడన్నమాట. చూస్తే కడుపు మండిపోయింది. అందుకే చెబుతున్నా: మట్టి పోయకముందే గుంతలు తవ్వించి మీరే దగ్గరుండి చూడండి.

కోనోకార్పస్ అసలే వద్దు. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. దాని వేర్లు పైపుల్లోకి పోతాయనే ఫిర్యాదులు చాలా ఉన్నాయి. నీడ కావాలంటే కానుగ, పొగడ పెట్టించండి.

గడ్డి లెక్క కూడా వేసుకోండి. నడి ఎండాకాలంలో లాన్‌కు చదరపు మీటరుకు రోజుకు 5, 6 లీటర్లు కావాలి. మీ జాగా అంతా పరిస్తే రోజుకు సుమారు 1,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ ఐదు రోజులకే ఖాళీ. మెట్ల ముందు కొంచెం లాన్ ఉంచి, మిగతా చోట పొదలు పెట్టించండి.

మృగశిర కార్తెలో నాలుగు వానలు పడ్డాక నాటించండి. పావు వంతు డబ్బు ఆపి, వచ్చే రోహిణి కార్తె దాటాక ఇవ్వండి. ఆ ఎండలకు తట్టుకుంటేనే మొక్క నిలిచినట్టు.

నర్సంపేట గార్డెన్ కాంట్రాక్టర్:
సార్, మా బాధ కూడా వినండి. ఏప్రిల్‌లో ఓనర్ బోరు ఎండిపోతుంది. ట్యాంకర్ తెప్పించమంటే రేపు, ఎల్లుండి అంటారు. మొక్క చస్తే మాత్రం తప్పు మాదే. పావు వంతు ఏడాది ఆపితే కూలీలకు నేనేం ఇవ్వాలి?

హనుమకొండ మెయింటెనెన్స్:
నీళ్ల విషయంలో మీరన్నది న్యాయమే. నీళ్లు ఓనర్ బాధ్యత అని కాగితంలో రాయించుకోండి. రోజూ ఎన్ని లీటర్లు, ఏ వాల్వు నుంచి అన్నది కూడా ఉండాలి. నీళ్లు ఇవ్వక మొక్క చస్తే మీరు మార్చనక్కర్లేదు. కానీ కవర్ చింపడం, గుంత లోతు, మట్టి, ఎరువు మీ పని. అందులో తేడా వస్తే చచ్చిన మొక్క స్థానంలో అంతే ఎత్తుది మీరే పెట్టాలి. మొక్క ఎత్తు, కాండం మందం ముందే రాసుకోకపోతే ఆరడుగుల చెట్టు పోయిన చోట జానెడు మొక్క పెట్టి చేతులు దులుపుకుంటారు. కూలీల డబ్బు మాత్రం పని అయిన వారంలోనే ఇచ్చేయాలి, అది ఆపడం పాపం. ఆపేది మొక్కల బిల్లులోనే.

హంటర్‌రోడ్ ఓనర్:
మరి ఏడాది మెయింటెనెన్స్ కూడా అతనికేనా, మాలికా?

హనుమకొండ మెయింటెనెన్స్:
మొదటి ఏడాది నాటినతనికే ఇవ్వండి. వేరే మాలి వస్తే మొక్క చచ్చినప్పుడు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. రెండో ఏడాది నుంచి మీ తమ్ముడు చెప్పినట్టు మాలిని పెట్టుకోండి.