నడుం నొప్పికి ఆక్యుపంక్చర్: 20 సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టొచ్చా?

గుంటూరు_అమ్మాయి:
అమ్మకు 66 ఏళ్ళు. రెండేళ్ళుగా నడుం నొప్పి. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 నడుం పూసల మధ్య డిస్క్ కొంచెం ఉబ్బిందని వచ్చింది. ఎముకల డాక్టరుగారు ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కాల్లోకి లాగడం, తిమ్మిరి లేవు, కానీ పావుగంట మించి పొయ్యి దగ్గర నిలబడలేదు. షుగరు ఉంది, ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వేసుకుంటుంది. కిడ్నీలకు మంచిది కాదని నొప్పి మాత్రలు తగ్గించారు. ఇక్కడి ఆక్యుపంక్చర్ క్లినిక్‌లో 20 సిట్టింగులకు 16 వేలు, ముందే కడితే 14 వేలు అంటున్నారు. అసలు పనిచేస్తుందా? ఎన్ని సిట్టింగుల్లో తెలుస్తుంది? ఈ వయసులో సూదులు ప్రమాదమా?

నొప్పి_వైద్యం:
ముందుగా 14 వేలు మాత్రం కట్టకండి. మిగతాది తీరిగ్గా చెబుతాను.

దీర్ఘకాలపు నడుం నొప్పి మీద జర్మనీలో 1,162 మందితో పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2007లో వచ్చాయి. మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆక్యుపంక్చర్ శాస్త్రం చెప్పిన బిందువుల్లో సూదులు. రెండో గుంపుకి బిందువులు కాని చోట పైపైన గుచ్చారు. మూడో గుంపుకి మామూలు వైద్యం, అంటే మందులు, ఫిజియో, వ్యాయామం. ఆరు నెలల తర్వాత గుణం కనిపించినవాళ్ళు వరుసగా 47.6, 44.2, 27.4 శాతం.

ఈ అంకెల్లో రెండు సంగతులున్నాయి. సూది ఎక్కడ గుచ్చారన్నదానికి పెద్ద తేడా లేదు, కాబట్టి బిందువుల పటాలు, నాడి చూసి చెప్పే రహస్యాల కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. కానీ సూదులు వేయించుకున్న రెండు గుంపులూ మామూలు వైద్యం కంటే బాగున్నాయి. ఇక్కడ ఒక చిక్కుంది. వాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి మందులు, ఫిజియో చూసి విసిగినవాళ్ళు. మళ్ళీ అదే వైద్యం వచ్చిందని తెలిసినవాళ్ళకు ఆశ సన్నగిల్లడం సహజం, తేడాలో కొంత దానిది కావచ్చు. 2018లో రకరకాల దీర్ఘకాలపు నొప్పుల మీద జరిగిన 39 పరీక్షల్లోని 20,827 మంది వివరాలు కలిపి లెక్కేసినప్పుడూ ఇంచుమించు ఇదే తేలింది: ఉత్తుత్తి సూదులతో పోలిస్తే లాభం చిన్నది, సూదులు అసలు వేయకపోవడంతో పోలిస్తే మధ్యస్థం, ఏడాది తర్వాత కూడా ఆ లాభంలో చాలా భాగం నిలిచింది.

అందుకే దేశాలు తలోదారి పట్టాయి. బ్రిటన్ మార్గదర్శకాలు 2016లో నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దన్నాయి. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ 2020 జనవరి నుంచి అదే నడుం నొప్పికి డబ్బు చెల్లిస్తోంది. నా అభిప్రాయం: మాత్రలు వాడలేని మీ అమ్మగారి లాంటివారికి కొద్ది సిట్టింగులు వేయించి చూడటం తప్పు కాదు. డిస్క్ సర్దుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి, సూదితో ఆ పని జరగదు.

ఫిజియో_ఖమ్మం:
పై మాటతో ఏకీభవిస్తాను. ఎప్పుడు ఆపాలో ముందే నిర్ణయించుకోవడం అన్నిటికంటే ముఖ్యం. మెడికేర్ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది: 90 రోజుల్లో 12 సిట్టింగుల వరకు, గుణం కనిపిస్తేనే మరో 8, లేకపోతే ఆపేయడం. మీరు ఇంకా జాగ్రత్తగా వెళ్ళండి. వారానికి రెండు చొప్పున మూడు వారాలు, మొత్తం 6. ఏ రోజు డబ్బు ఆ రోజే. వాళ్ళ లెక్కనే 800 చొప్పున 4,800 అవుతుంది. సిట్టింగువారీగా ఒప్పుకోకపోతే వేరే చోటు చూసుకోండి.

మొదలుపెట్టే ముందు వారం రోజులు ఒక నోటుబుక్కులో రాయండి. రోజూ ఒకే వేళకు నొప్పికి 0 నుంచి 10 మధ్య అంకె, ఎన్ని నిమిషాలు నిలబడింది, ఎన్ని మాత్రలు వేసుకుంది. ఈ వారం తప్పనిసరి. జనం నొప్పి బాగా ముదిరినప్పుడే క్లినిక్‌కి వెళ్తారు. ముదిరిన నొప్పి దానంతట అదే కొంత తగ్గుతుంది, ఆ పేరు సూదులకు పోతుంది. ఆరో సిట్టింగు తర్వాత వారపు సగటు కనీసం 30 శాతం తగ్గాలి, ఉదాహరణకి 7 నుంచి 5కి దిగువకు. నిలబడే సమయం కూడా పెరగాలి. అంకె తగ్గి నిలబడటం అలాగే ఉంటే దాన్ని నేను గుణం కింద లెక్కించను.

నొప్పి తగ్గిన రోజుల్లో పడుకోబెట్టకండి. అప్పుడే నడక, వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తే వ్యాయామం, కూర్చుని లేవడం మొదలుపెట్టాలి. ఒక్క సూదులతో సరిపెట్టుకుంటే కండ బలం రాదు, పొయ్యి దగ్గర మళ్ళీ అదే పావుగంట.

మల మూత్రాలు అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా ఎక్కడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రుళ్ళు ఎక్కువయ్యే నొప్పి ఉంటే వెన్ను టీబీ లేదని తేలేదాకా సూదులు వద్దు. ఆ వయసులో జారిపడ్డ తర్వాత వచ్చిన నొప్పయితే పూస విరిగిందేమో ఎక్స్‌రే తీయించాలి.

సూది_శుభ్రం:
ప్రమాదం సంగతి నేను చెబుతాను. జర్మనీలో 2,29,230 మందిని గమనిస్తే 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ఎక్కువగా కాస్త రక్తం రావడం, కమిలిపోవడం, గుచ్చిన చోట నొప్పి. ఊపిరితిత్తికి గుచ్చుకుని ఛాతీలో గాలి చేరినవి రెండు కేసులు. కానీ అక్కడ గుచ్చింది కనీసం 140 గంటల శిక్షణ ఉన్న వైద్యులు. కాబట్టి మీ క్లినిక్‌లో గుచ్చే మనిషి ఎవరు, అసలు చదువేమిటి, ఎక్కడ నేర్చుకున్నారు అని మొహమాటం లేకుండా అడగండి.

సూదుల ప్యాకెట్ మీ ఎదురుగా తెరవాలి. దాని మీద గడువు తేదీ, ఒక్కసారి మాత్రమే వాడాలనే గుర్తు ఉండాలి. "మీ సూదులు మీకే దాచి పెడతాం, ఉడకబెడతాం" అంటే లేచి వచ్చేయండి. హెపటైటిస్ బి, సి అలాగే పాకుతాయి. వాడిన సూదులు గుచ్చుకోని తెల్లటి డబ్బాలో పడాలి, చెత్తబుట్టలో కాదు. ఎన్ని గుచ్చారో, ఎన్ని తీశారో మీరూ లెక్కపెట్టండి. తుంటి దగ్గర, జుట్టులో ఒకటి మర్చిపోవడం జరుగుతుంటుంది.

నడుంకి సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల మందం, 40 మిల్లీమీటర్ల పొడవున్న సూది వాడి 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. బరువుగా, లాగినట్టు అనిపిస్తే ఫర్వాలేదు. కాల్లోకి షాక్ కొట్టినట్టు పాకితే నరానికి తగిలినట్టే, వెంటనే చెప్పాలి. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్ళు తిరుగుతాయి, షుగరు మాత్ర వేసుకుని తినకపోతే మరీ ప్రమాదం. ఎకోస్ప్రిన్ కోసం సూదులు మానక్కర్లేదు, డాక్టరు చెప్పకుండా దాన్ని ఆపకూడదు కూడా. తీసిన చోట రెండు నిమిషాలు దూదితో నొక్కి పట్టుకుంటే చాలు.

గుంటూరు_అమ్మాయి:
చాలా థాంక్సండి. సూదులకు కరెంటు పెడతామని, పాదాలకు వేడి ఇస్తామని కూడా చెప్పారు. దానికి ఇంకో 300.

సూది_శుభ్రం:
గుండెకి పేస్‌మేకర్ ఉంటే కరెంటు వద్దే వద్దు. లేకపోతే తక్కువ మోతాదులో పెట్టించుకోవచ్చు, కండరం సన్నగా అదిరితే చాలు, నొప్పి పుట్టకూడదు. పాదాలకు వేడి మాత్రం ఒప్పుకోకండి. షుగరున్నవాళ్ళలో చాలామందికి పాదాల్లో స్పర్శ మొద్దుబారి ఉంటుంది, కాలుతున్నా తెలియదు, ఆ పుండు నెలల తరబడి మానదు. మొదటి ఆరు సిట్టింగులకు ఉత్త సూదులే వేయమనండి. అన్నీ కలిపి చేస్తే ఏది పనిచేసిందో మీ నోటుబుక్కులో తేలదు.