వైకల్యం అనే మాటకి అర్థం మారిందా, మనకే ఆలస్యంగా తెలిసిందా?

గాజువాక_అన్న:
మొన్న విశాఖలో గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వస్తూ మా తమ్ముడు బస్సులో వికలాంగుల సీట్లో కూర్చున్నాడు. వాడికి హీమోఫీలియా, అంటే రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు. ఆ వారమే మోకాలి కీలులో రక్తం కారి, వాచి, కాస్త తగ్గింది. ప్యాంటు వేసుకుంటే పైకేం కనపడదు. ఓ పెద్దాయన వచ్చి "కాళ్లూ చేతులూ శుభ్రంగా ఉన్నాయి కదా బాబూ, లే" అన్నాడు. ఫోన్లో సదరం సర్టిఫికెట్ చూపిస్తే, "ఇది జబ్బు, వైకల్యం ఎలా అవుద్ది?" అన్నాడు. వీడు గొడవెందుకని లేచి, దిగేదాకా కమ్మీ పట్టుకుని నించున్నాడు.

1995 వికలాంగుల చట్టంలో వైకల్యాలు 7. 2016 చట్టంలో 21, హీమోఫీలియా అప్పుడే చేరింది. మరి 2015లో వీడికి వైకల్యం లేనట్టా? ఉన్నా ఎవరూ గుర్తించనట్టా? పెద్దాయన తప్పు మాట్లాడాడా, పాత అర్థంలో మాట్లాడాడా?

ఏయూ_బెంచీ:
ఇలా ఒక మాట అర్థాన్ని మార్చుకోవడానికి 1950లో కార్నప్ అనే తత్వవేత్త చేపని ఉదాహరణగా తెచ్చాడు. ఒకప్పుడు తిమింగలం కూడా చేపే. ఏది చేపో ఏది కాదో చెప్పే గీతని జంతుశాస్త్రం జరిపింది. పాత గీత అబద్ధమని కాదు, దాంతో పని జరగట్లేదని. 1963లో స్ట్రాసన్ అనే ఇంకో తత్వవేత్త అడ్డుపడ్డాడు: అర్థం మార్చేస్తే పాత ప్రశ్న తేలదు, వేరే ప్రశ్నలోకి జారుకుంటాం అని. మీ పెద్దాయనది స్ట్రాసన్ పార్టీ అన్నమాట!

నేనైతే ఆ 21 పట్టిక కంటే నిర్వచనమే చూస్తాను. దీర్ఘకాలిక లోపం, చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి మనిషిని నలుగురితో సమానంగా మసలనివ్వకపోవడం: 2016 చట్టం చెప్పేది ఇదీ. పెద్దాయన కాలు ఒక్కటే చూశాడు. బ్రేకు పడ్డప్పుడల్లా ఊగే బస్సుని కూడా కలిపి చూడాలి.

సింధియా_కుర్రోడు:
నాది పోలియో. దివ్యాంగులని పేరు మార్చారు, ఆ సంగతి నేను కాలికి కట్టుకునే కాలిపర్‌కి ఇంకా తెలీదు. నన్ను మాత్రం ఎవరూ లేపరు, కాలు కనిపిస్తుంది కాబట్టి. మీ తమ్ముడికి గీత జరిగింది, నాకు బోర్డు మారింది. రెండూ ఒకే గాటన కట్టకండి.

గాజువాక_అన్న:
ఇదంతా అమ్మకి చదివి వినిపించా. సర్టిఫికెట్ వచ్చిన రోజు "నా కొడుకేమన్నా అవిటాడా" అని దాన్ని బీరువాలో చీరల కింద దాచేసిన మనిషి. బస్సు ఊగే సంగతి దగ్గర మాత్రం ఆపింది. "అందుకే కదరా, చిన్నప్పట్నుంచీ వాణ్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఇవతల నేను అడ్డం కూర్చునేదాన్ని" అంది.