సమస్యాపూరణం: కాల్చఁ గాల్చఁ బూలు కాంతు లీనె

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య:

*కాల్చఁ గాల్చఁ బూలు కాంతు లీనె*

ఛందస్సు ఆటవెలది. ఈసారి చిన్న నిర్బంధం పెడుతున్నాను. ఈ పూలు తోటలోవి కావు, జపాన్‌లోని క్యోటో కుమ్మరులు చేతితో చేసే ‘కోగో’ మూతమీదివి. తేనీటి వేడుకలో ధూపద్రవ్యం దాచే పింగాణీ డబ్బీ ఇది, అరచేతిలో ఇమిడిపోతుంది. లేత గోధుమరంగు ఒళ్లు, గాజుపూతలో వెంట్రుకంత సన్నని పగుళ్ల వల, దానిపైన చేమంతులు. వేలితో తడిమితే రేకు ఎత్తుగా తగులుతుంది, ఎందుకంటే రంగు గాజుపూత కింద లేదు, దాని పైన ఉంది. ఈ పద్ధతిని క్యోటోలో నిలబెట్టినవాడు 17వ శతాబ్దపు నొనోమురా నిన్సెయ్. ఆయన ఆవం నిన్నాజి ఆలయం వాకిట్లోనే ఉండేది.

సీతమ్మ అగ్నిప్రవేశంతో పూరించాలని చాలామందికి చేయి దురదపెడుతుందని తెలుసు. దయచేసి ఈ ఒక్కసారికి ఆ తల్లిని వదిలేయండి.

సారెచక్రం: గురువుగారూ, నా ప్రయత్నం.

మొదటి మంట మట్టి ముద్దను ఱాయిగా
మలచె; గాజుపూత మలిది యిచ్చె;
చివరి సన్నసెగకుఁ జేమంతి రంగెక్కె;
కాల్చఁ గాల్చఁ బూలు కాంతు లీనె.

నిర్వాహకుడు: ధార హాయిగా ఉంది. ‘సన్నసెగ’ అన్న మాటతో సమస్య ముడి సగం విప్పేశారు. ఒళ్లు కాలే వేడికి రంగులు నిలవవు, కరిగి జారిపోతాయి. అందుకే మంట మళ్లీ మళ్లీ పెట్టినా చివరికి వచ్చేసరికి తగ్గించి పెట్టాలి.

ప్రవాసి (ఒసాకా): సారెచక్రం గారూ, పద్యం చాలా బాగుంది, కాని మొదటి పాదంతో పేచీ ఉంది. మొదటి కాల్పు సుమారు 800 డిగ్రీలే. అప్పటికి వస్తువు పెళుసుగా ఉండి, నీళ్లు పోస్తే పీల్చేస్తుంది. రాయిలా బిగిసేది గాజుపూత పూసి 1200 దాటించిన రెండో కాల్పులో. పూలు గీసి మూడోసారి పెట్టినప్పుడు వేడి తిరిగి 800 దరిదాపులకే దిగుతుంది. ‘ఱాయిగా’ అన్నచోట ‘పెంకుగా’ అంటే గణం చెడదు, నిజమూ దక్కుతుంది.

సారెచక్రం: ‘ముద్దనుఁ బెంకుగా మలచె’. ఇదే ఖాయం చేస్తున్నాను. ధన్యవాదాలండీ.

పారిజాతం: నేను మంటను ఆవంలో నుంచి గదిలోకి తెచ్చాను.

చలిని డబ్బి తెఱచి చందన శకలముల్
నిప్పుమీఁద వేయ నెగసెఁ దావి;
ఎఱ్ఱవెలుఁగు సోఁకి యిగురొత్తె మూఁతయే;
కాల్చఁ గాల్చఁ బూలు కాంతు లీనె.

నిర్వాహకుడు: భేష్! కాలింది పూలు కావు, ధూపం. విరుపు ఎక్కడ పెట్టాలో మీకు బాగా తెలుసమ్మా. ‘యిగురొత్తె మూఁతయే’ దగ్గర కాసేపు ఆగిపోయాను.

ప్రవాసి (ఒసాకా): మూడో పాదానికి నా నమస్కారం కూడా. అయితే పారిజాతం గారూ, ‘చలి’, ‘చందనం’ ఒకే డబ్బీలో ఇమడవు. తేనీటివాళ్లు చలికాలంలో, అంటే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, నేలలో గుంటపొయ్యి వాడతారు. పింగాణీ కోగో ఆ రోజులకే. అందులో ఉండేది ముద్దగా నూరి కట్టిన ధూపగుళిక, దాని కింద చాలాచోట్ల పచ్చని ఆకు వేస్తారు. గంధపుచెక్కలు వేసవి నెలలవి, వాటికి చెక్కదో లక్కపూతదో డబ్బీ.

పారిజాతం: మాకు గంధమంటే పన్నెండు నెలలూ గంధమేనండీ! సరే, వాళ్ల పొయ్యి, వాళ్ల నియమం. ‘చలిని డబ్బి తెఱచి సౌరభ గుళికలన్’. యతి సరిపోయిందా గురువుగారూ?

నిర్వాహకుడు: చ, సౌ. నిక్షేపంగా సరిపోయింది.

హంసపాదు: మొదటిసారి రాస్తున్నాను. మూడో పాదం ‘బంగారు పూసి చివర’ అని మొదలుపెట్టాను, ముందుకు సాగడం లేదు.

నిర్వాహకుడు: సాగదు నాయనా. ‘బంగారు’ త గణం, ఆటవెలది మూడో పాదం సూర్యగణంతోనే మొదలవాలి. భావం మాత్రం వదలకు, చాలామందికి తట్టనిది. బంగారం పూసే పనైతే అన్ని రంగులూ కాలాక, ఇంకా తక్కువ వేడిలో పెడతారు. ఇలా చూడు:

పసిఁడి చివరఁ బూసి పలుచని సెగనిచ్చి
కాల్చఁ గాల్చఁ బూలు కాంతు లీనె.

పై రెండు పాదాలు నువ్వే కట్టు. నేను కట్టి ఇస్తే నీది కాదు.

పెంకుటిల్లు: ఆలస్యంగా వచ్చాను, క్యోటో ఒగాతా సోదరులతో వచ్చాను: అన్న చిత్రకారుడు కోరిన్, తమ్ముడు కుమ్మరి కెన్‌జాన్.

అన్న గీయఁ దమ్ముఁ డాకృతి నొసఁగెను;
ఆవమందె యెక్కె నంద మెల్ల;
మూఁడువందలేండ్లు ముగిసిన వాడవు;
కాల్చఁ గాల్చఁ బూలు కాంతు లీనె.

ప్రవాసి (ఒసాకా): తమ్ముడు కెన్‌జాన్ 1699లో క్యోటో నరుతకిలో ఆవం పెట్టాడు కనుక మూడువందల ఏళ్ల లెక్క సరే. అన్న కోరిన్ బొమ్మ వేసినవాటిలో పేరుపడ్డవి చదరపు పళ్లాలు. వాటిమీద రంగుల పూలకన్నా ఇనుపరంగు గీతలే ఎక్కువ. డబ్బీ అడిగితే పళ్లెం వడ్డించారు!

పెంకుటిల్లు: పద్యంలో పళ్లెం అన్నానా, డబ్బీ అన్నానా? పూలన్నాను, వాడవన్నాను. తమ్ముడు ఒక్కడే చేసిన పనిలో రంగుల పూలకు కొదవ లేదు కదా!

నిర్వాహకుడు: పెంకుటిల్లు వారి వాదన గట్టిదే, పద్యం నిర్దోషమే. కాని నా నియమంలో ‘మూతమీది పూలు’ అని ఉంది. సారెచక్రం, పారిజాతం గార్ల పద్యాల్లో ఏ వస్తువో తెలిసిపోతోంది, ఇక్కడ తెలియడం లేదు. ఈ వారం మొదటి స్థానం సవరణతో సహా సారెచక్రం గారిది. హంసపాదు, నీ రెండు పాదాల కోసం ఆదివారం దాకా చూస్తాను.