మూడెకరాల గడ్డికి మినీ ట్రాక్టర్: గేర్లదా, పెడల్‌దా?

మూడెకరాలు:
అందరికీ నమస్తే. మూడెకరాల జాగా ఉంది. సగం చదును, ఒక పక్క వాలు, చెట్లు ఓ ముప్పై దాకా ఉంటాయి. గడ్డి కోయాలి, అప్పుడప్పుడు మట్టీ కంకరా ఎత్తిపోయాలి, విరిగిన కొమ్మలు ఈడ్చాలి. చూసినవి రెండు. ఒకటి 24 హెచ్‌పీ హైడ్రోస్టాటిక్, అంటే గేర్లు మార్చకుండా పెడల్‌తో నడిపేది, పొట్ట కింద గడ్డి కోసే డెక్‌తో. రెండోది 35 హెచ్‌పీ గేర్ల బండి, పొదలు కూడా కొట్టే బరువైన బ్లేడ్ల రోటరీ కట్టర్‌ను వెనక తగిలించుకునేది. నేను ఇంతవరకు ట్రాక్టర్ నడపలేదు. ఏది తీసుకోమంటారు?

పాత స్పానర్:
35. గేర్లది. ఇందులో ఆలోచించడానికేముంది? హైడ్రోస్టాట్‌లో ఇంజిన్ పంపును తిప్పాలి, పంపు నూనెను తొయ్యాలి, ఆ నూనె మోటారును తిప్పాలి, అప్పుడు గానీ చక్రం కదలదు. దారిలో కొంత పవర్ వేడిగా పోతుంది. గేర్లలో పన్నుకు పన్ను, అంతే. బానెట్ మీద 24 అని చూసి మురిసిపోకండి, పీటీవో దగ్గర, అంటే తగిలించిన పనిముట్టును తిప్పే షాఫ్ట్ దగ్గర, ఎంత మిగిలిందో స్పెసిఫికేషన్ కాగితంలో చదవండి. రోటరీ కట్టర్‌కి అడుగు వెడల్పుకి 5 పీటీవో హెచ్‌పీ అని పనివాళ్ల లెక్క. 5 అడుగుల కట్టర్‌కి 25. మీ చిన్న బండి అక్కడే చతికిలబడింది.

గరికపోచ:
స్పానర్ గారూ, ఆయన గడ్డి అంటే మీరు పొదల లెక్క చెప్తున్నారు. ముప్పై చెట్లున్నాయి మహాప్రభో. ప్రతి చెట్టు దగ్గరా ఆగాలి, వెనక్కి రావాలి, మళ్లీ ముందుకెళ్లాలి. గేర్ల బండి మీద ప్రతిసారీ క్లచ్, లీవర్, క్లచ్, లీవర్. సాయంత్రానికి ఎడమ మోకాలు పనిచెయ్యదు. పెడల్ బండిలో ఒక పెడల్ నొక్కితే ముందుకు, ఇంకోటి నొక్కితే వెనక్కి. దట్టమైన గడ్డి తగిలితే పెడల్ కాస్త వదిలితే చాలు, బండి నెమ్మదిస్తుంది గానీ బ్లేడు వేగం తగ్గదు. కోతకు కావాల్సిందే అది.

లెక్క కావాలంటే నేనూ చెప్తాను. 5 అడుగుల డెక్, గంటకు 5 కిలోమీటర్ల వేగం. కాగితం మీద గంటకు 1.8 ఎకరాలకు పైనే. మలుపులు, చెట్లు పోను ఒకటిన్నర. మూడెకరాలు రెండు గంటల్లో అయిపోతాయి. దీనికి 35 హెచ్‌పీ ఎందుకు?

పొద్దుతిరుగుడు:
ఉన్నచోటే తిరిగే జీరో టర్న్ గడ్డి మిషన్ కొనుక్కుని, మట్టి పనికి ట్రాక్టర్ అద్దెకు తెచ్చుకుంటే గొడవే లేదు.

పాత స్పానర్:
పెడల్ సుఖం నాకు చెప్పకండి, అనుభవించాను. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. ముందున్న ఆయన ఏ నూనె పోశాడో, ఫిల్టర్ అసలు మార్చాడో లేదో దేవుడికే తెలియాలి. పొద్దున బాగానే లాగేది. ఎండెక్కి నూనె వేడెక్కిందంటే చిన్న వాలు కూడా ఎక్కేది కాదు. పెడల్ పూర్తిగా తొక్కిపెట్టి ఉంటాను, ఇంజిన్ అరుస్తుంటుంది, బండి మాత్రం ఉన్నచోటే. విప్పించి చూస్తే పంపు లోపలంతా గీతలు. బాగు చేసేది కాదు, మార్చేదే అన్నాడు మెకానిక్. గేర్‌బాక్స్ అయితే ఒక పన్ను విరిగినా ఆ గేరు వదిలేసి ఇంకోదాంట్లో ఇల్లు చేరతాం.

గరికపోచ:
నూనె మార్చని బండి కొని పెడల్‌ను తిట్టడం ఏం న్యాయం? నా కథ కూడా వినండి. నా మొదటి బండి పాత గేర్లది. పీటీవో కూడా అదే క్లచ్ మీద నడిచే రకం. వెనక కట్టర్ తిరుగుతోంది, 540 ఆర్‌పీఎం, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. ఎదురుగా కంచె వచ్చింది, క్లచ్ తొక్కాను. బండి ఆగలేదు! ఆ బరువైన బ్లేడ్లు తిరిగే ఊపు షాఫ్ట్ గుండా వెనక్కొచ్చి చక్రాల్ని తోస్తోంది. నేను క్లచ్ మీద నిలబడి ఉన్నాను, బండి మాత్రం తాపీగా వెళ్లి కంచెను కూల్చేసింది. కొత్తగా నేర్చుకునే మనిషికి ఇవ్వాల్సిన బండేనా అది?

నిద్రలేని పక్షి:
పీటీవో షాఫ్ట్‌కి ఓవర్‌రన్నింగ్ క్లచ్ అని చిన్న ముక్క దొరుకుతుంది. అది వేస్తే ఈ తోపుడు ఉండదు.

పాత స్పానర్:
అదీ! తప్పు గేర్లది కాదు, ఆ పాత పీటీవోది. ఇప్పుడొచ్చే గేర్ల బండ్లలో చాలావాటికి పీటీవో విడిగా ఉంటుంది, ముందుకూ వెనక్కీ మార్చే షటిల్ లీవర్ ఉంటుంది. 40 ఏళ్ల నాటి బండిని తెచ్చి నాతో వాదిస్తారా?

గరికపోచ:
మరి మీరు పాడైపోయిన పంపును తెచ్చి వాదిస్తున్నారుగా! ఇంకోటి. చాలా దేశాల్లో 19 కిలోవాట్లు, అంటే సుమారు 25 హెచ్‌పీ దాటిన డీజిల్ ఇంజిన్లకు పొగ నియమాలు గట్టివి. 35లో మసి ఫిల్టర్ ఉండొచ్చు. పావుగంట తిప్పి ఆపేసే పనులకు అది మసి పట్టి, కాల్చుకోమని మాటిమాటికీ లైటు వెలిగిస్తుంది. ఆ సంగతి చెప్పలేదేం?

మూడెకరాలు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. టైర్ల సంగతి కూడా చెప్తారా? ఆర్1, ఆర్3, ఆర్4 అంటున్నారు.

నిద్రలేని పక్షి:
ఆర్1 దున్నే టైరు, బురదలో పట్టు, గడ్డి నేలను మాత్రం గీరేస్తుంది. ఆర్3 గడ్డికి మెత్తన, తడి మట్టిలో జారుతుంది. ఆర్4 మధ్యరకం, లోడర్, అంటే ముందు మట్టి ఎత్తే బకెట్, బరువు బాగా మోస్తుంది.

పాత స్పానర్:
చూడండి గరికపోచ గారూ, వారం వారం గడ్డం గీసుకున్నట్టు నేల గీసుకునేవాళ్లకు అసలు ట్రాక్టర్ ఎందుకు? కత్తెర చాలు.

గరికపోచ:
ఓహో, మొత్తానికి బయటపడింది. నాది గడ్డం గీకుడు, మీది సేద్యం! ఏడాదికి రెండుసార్లు, అదీ నడుమెత్తు పెరిగాక, ఆ కట్టర్‌తో బాదేసి దాన్ని కోత అంటారు. మీ జాగాలో పాములకు పట్టా ఇచ్చినట్టున్నారు.

పాత స్పానర్:
అవును, రెండుసార్లే కోస్తాను. నేల మీద గూడు కట్టే పిట్టలుంటాయి, తెలుసా? అవి గుడ్లు పెట్టి, పిల్లలు ఎగిరిపోయేదాకా నేను బండి తియ్యను. ఆ గడ్డి నాకు అడ్డం కాదు. నాకు కావాల్సింది దాన్ని ఒక్క రోజులో కొట్టేసే బలం. అంతే. దానికి మీరు పాములంటారా?

బోల్టు నట్టు:
ఇద్దరూ కాస్త ఆగండి. ఇన్ని పోస్టుల నుంచీ గేర్లు, పెడల్ అని కొట్టుకుంటున్నారు గానీ మీరు చెప్పేది ఒక గడ్డి గురించి కాదు. ఒకాయనది వారానికోసారి కోసే జానెడు గడ్డి, ఇంకొకాయనది ఆర్నెల్లకోసారి కోసే నడుమెత్తు గడ్డి. మూడెకరాలు గారూ, మీరు ఎన్నాళ్లకోసారి కోస్తారు?

మూడెకరాలు:
అక్కడికి వెళ్లడమే రెండు నెలలకోసారి. వెళ్లేసరికి మోకాలెత్తు ఉంటుంది. ఇది ముందే చెప్పాల్సింది కాబోలు.

బోల్టు నట్టు:
చెప్పాల్సిందే! అయితే పొట్ట కింద డెక్ మర్చిపోండి. మోకాలెత్తు గడ్డి దాని కింద కుక్కుకుపోతుంది, ముందు నుంచి బండే దాన్ని తొక్కి పడుకోబెడుతుంది. మట్టి పనికి వెళ్లిన ప్రతిసారీ అది కింద వేలాడుతుంటే గుట్టలకు తగులుతుంది కూడా. వెనక తగిలించే ఫ్లెయిల్ మోవర్ చూడండి. తిరిగే డ్రమ్ముకు చిన్న చిన్న సుత్తుల్లాంటి కత్తులు వేలాడుతుంటాయి, పొడవు గడ్డిని నలగ్గొట్టి పరుస్తుంది, రోటరీ అంత దూరం రాళ్లు విసరదు. అదే వెడల్పుకి పవర్ మాత్రం ఎక్కువ తింటుంది, అది స్పానర్ గారికి మార్కు. లోడర్‌తో బకెట్ ఎత్తినప్పుడు వెనక ఆ బరువు ఉంటే బండి ముందుకు మొగ్గదు. ఇంకా చాలకపోతే టైర్లలో ముప్పాతిక వంతు నీళ్లు పోయించండి.

అసలు నాకు టెన్షన్ పెట్టింది గేర్లు కాదు, మీ మొదటి పోస్టులో ‘వాలు’, ‘చెట్లు’ అని పక్కపక్కన ఉన్న రెండు మాటలు. బండి తిరగబడితే మనిషిని కాపాడే రోల్ బార్ కొమ్మలకు తగులుతోందని మా బాబాయి దాన్ని మడిచేశాడు. చెట్ల కిందంతా కోశాడు, మళ్లీ నిలబెట్టడం మర్చిపోయి అలాగే వాలు మీదికి అడ్డంగా వెళ్లాడు. గడ్డిలో గుంట కనబడలేదు. పైవైపు చక్రం లేచింది. దూకాడు కాబట్టి బతికాడు, కాలు మాత్రం ఇప్పటికీ ఈడుస్తాడు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఈ రక్షణ తప్పనిసరి చేసింది, ఊరికే చెయ్యలేదు. బార్ నిలబెట్టి ఉంటే బెల్టు పెట్టుకోవాలి. మడిస్తే పెట్టుకోకూడదు, బండితో పాటు మనిషి కింద పడిపోతాడు. వాలు మీద అడ్డంగా కాదు, నిలువుగా కొయ్యండి. దిగేటప్పుడు ఫోర్ వీల్ వేసే ఉంచండి. చాలా మినీ ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, బకెట్‌లో బరువుంటే ఆ చక్రాలే తేలికవుతాయి.

గరికపోచ:
బాబాయి గారి సంగతి విని మనసు అదోలా అయింది. నా చెట్ల దగ్గర నేనూ మడుస్తూనే ఉన్నాను.

మూడెకరాలు:
నిన్న వెళ్లి టేపుతో కొలిచాను. బార్ ఎత్తుకు అడ్డొచ్చే కొమ్మలు పదకొండు. బార్ మడవను, కొమ్మలే కొట్టిస్తాను. 30 హెచ్‌పీ దాటని ఫోర్ వీల్, లోడర్, వెనక నాలుగడుగుల ఫ్లెయిల్ అనుకుంటున్నాను. కొత్తవాణ్ణి, చెట్ల మధ్య క్లచ్ తొక్కలేను, కాబట్టి పెడల్. స్పానర్ గారూ, తిట్టకండి.

పాత స్పానర్:
మొదటి సర్వీసు 50 గంటలకే చేయించు. హైడ్రోస్టాట్ ఫిల్టర్ తప్పకుండా మార్పించు, నూనె కంపెనీ చెప్పిందే పొయ్యి. రేడియేటర్ జల్లెడలో గడ్డి నూగు చేరుతుంది, కోత మధ్యలో దిగి దులుపు.

గరికపోచ:
అంటే పెడల్‌కి ఒప్పుకున్నట్టేనా?

పాత స్పానర్:
నేను నూనె గురించి చెప్పాను.