సెల్ఫ్ అసెంబ్లీ: కూర్పా, అమరికా?

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మొన్న నానో కణాల మీద, అంటే కంటికి కనిపించనంత చిన్న రేణువుల మీద, తెలుగులో పాఠం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను: సెల్ఫ్ అసెంబ్లీ. కణాలు ఎవరూ పేర్చకుండానే ఒక ఆకారంలో చేరడం అన్నమాట. ‘స్వయం కూర్పు’ అని రాసి కొట్టేశాను. కూర్చడానికి ఒక చెయ్యి కావాలి. దండలో పూలు కూరుస్తాం, అచ్చులో అక్షరాలు కూరుస్తాం. ఇక్కడ ఆ చెయ్యే లేదు.

2010లో హార్వర్డ్, రైస్ విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి చేసిన పని చూడండి. సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) గుండ్లు, వాటి మీద బంగారు పూత. వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండవు. అవి ఉన్న నీటి చుక్క ఆరుతుంటే, ఆ తరుగుతున్న నీరే వాటిని దగ్గరికి లాగుతుంది. మూడు చేరితే ముక్కోణం. ఏడు చేరితే మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. వెలుగు తగలగానే పూతలోని ఎలక్ట్రాన్లు ఊగుతాయి, ఆ ఊపు పక్క గుండులోని ఊపుతో కలుస్తుంది. ఏ రంగు వెలుగుకు ఆ గుంపు ఎలా స్పందిస్తుందో గుండ్ల పరిమాణం, వాటి మధ్య సందు, గుంపు ఆకారం తేలుస్తాయి.

ఇలాంటి లాగుడు ఇంట్లోనే చూడొచ్చు. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి నాలుగు బొరుగులు దూరదూరంగా వదలండి. కాసేపటికి ఒకదాని పక్కకు ఒకటి జరిగి అత్తుకుంటాయి. ఎవరూ కదపలేదు. అందుకే కూర్పు వదిలి ‘అమరిక’ అన్నాను.

వ్యాఖ్య: సార్, ‘కూర్చు’ సకర్మకం, ‘కూడు’ అకర్మకం. ‘కూడిక’ అంటే సరిపోదా?

జవాబు: సరైన చోట పట్టారమ్మా, నా ఇబ్బంది అదే. కానీ కూడిక అనగానే పిల్లలకు లెక్కలే గుర్తొస్తాయి. పైగా సంతలో జనం కూడతారు, ఎవరు ఎక్కడ నిలబడినా అది కూడటమే. ‘అమరు’ అలా కాదు. జాకెట్టు భుజం దగ్గర అమరింది అంటే కుట్టు ఉండాల్సిన చోట ఉంది. ఇక్కడ ఎవరి పక్కన ఎవరున్నారన్నదే అసలు సంగతి. ‘అమర్చు’ అంటే మళ్లీ చెయ్యి వస్తుంది, ‘అమరు’లో రాదు.

వ్యాఖ్య: పూత ఎందుకన్నా? మన ఆనంద నిలయానికి అన్నట్టు బంగారు తాపడం అనొచ్చు కదా?

జవాబు: ఆ మాటంటే నాకూ ప్రాణం తమ్ముడూ. కానీ తాపడానికి రేకు కావాలి, దాన్ని తెచ్చి బిగించాలి. ఈ గుండ్ల మీద బంగారం ద్రావణంలోంచే కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. అందుకే పూత.

పాఠంలో ఇప్పుడిలా ఉంది: ‘చుక్క ఆరేసరికి గుండ్లు తమంతట తామే అమరుతాయి.’