40 మైళ్ల వేగం దాటితే కారు కింద హోరు: బేరింగా, టైరా?

ఫార్మింగ్టన్ హిల్స్, కొత్త సభ్యుడు

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఆగస్టులో మిషిగన్ వచ్చాను. ఒక చిన్న డీలర్ దగ్గర 2010 హోండా సివిక్ కొన్నాను, 1,30,000 మైళ్లు తిరిగింది. ఊళ్లో తిరిగితే ఏమీ తెలియదు. ఐ-696 ఎక్కి 40 దాటగానే కింద నుంచి హోరు మొదలవుతుంది, వేగంతో పాటు పెరుగుతుంది. పాటలు పెడితే వినబడదు కానీ టెన్షన్‌గా ఉంది. షాపుకి తీసుకెళ్తే ముందు చక్రాల బేరింగులు (చక్రం సాఫీగా తిరగడానికి లోపల ఉండే గుండ్ల వలయాలు) రెండూ మార్చాలి, 900 డాలర్లవుతుందన్నాడు. కారు పైకెత్తి కూడా చూడలేదు. రెండూ ఒకేసారి పోతాయా? నేనే చూసుకునే మార్గం ఏదైనా ఉందా?

కాంటన్, 2003 నుంచి ఇక్కడే

తమ్ముడూ, ఏది చేసినా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మాత్రం జాకీ పెట్టకు. మిగతావన్నీ తర్వాత.

నా పాత కారుకి వెనక హబ్ (చక్రం బిగించే మధ్య భాగం, బేరింగ్ అందులోనే) మారుద్దామని ఒక శనివారం పొద్దున్నే మొదలుపెట్టాను. నాలుగు బోల్టులే, గంట పని అనుకున్నా. మన మిషిగన్ ఉప్పు సంగతి తెలిసిందే కదా, హబ్ తుప్పుతో అతుక్కుపోయి కదల్లేదు. దాన్ని లాగి ఊడదీసే స్లైడ్ హ్యామర్ తెద్దామని స్నేహితుడి కార్లో వెళ్లొచ్చేసరికి అద్దం మీద నారింజ రంగు కాగితం అంటించి ఉంది. 'పనిచేయని వాహనం, 24 గంటల్లో తీసేయాలి' అట. లీజింగ్ ఆఫీసు ఆదివారం మూత. ఫోన్ చేస్తే మెషిన్. మెసేజ్ పెట్టాను, మర్నాటికల్లా అయిపోతుంది, ఒక్క పూట ఆగండి అని. ఆదివారం మధ్యాహ్నం కాఫీ తాగుతూ కిటికీలోంచి చూస్తే మూడు చక్రాల నా కారు టో ట్రక్కు మీద వెళ్లిపోతోంది! టోయింగ్ ఒక ఖర్చు, యార్డులో రోజుకింత అద్దె ఇంకో ఖర్చు. సోమవారం ఆఫీసులో అడిగితే ఆ అమ్మాయి నవ్వుతూ లీజు తీసి, నా సంతకం కింద 'ఆవరణలో వాహన మరమ్మతులు నిషిద్ధం' అన్న లైను చూపించింది. ముప్ఫై పేజీల లీజులో ఆ లైను ఎవడు చదువుతాడు? ఇప్పటికీ ఆ కాంప్లెక్స్ ముందు నుంచి వెళ్తే నాకు బీపీ పెరుగుతుంది.

నోవై

అన్నా, కుర్రాడు అడిగింది వేరే.

తమ్ముడూ, ఖాళీ రోడ్డు మీద 45లో వెళ్తూ న్యూట్రల్‌లో వెయ్యి. ఇంజిన్ శబ్దం తగ్గినా హోరు అలాగే ఉంటే చక్రాల దగ్గర సమస్య. తర్వాత మెల్లగా ఎడమకీ కుడికీ ఊపినట్టు స్టీరింగ్ తిప్పి చూడు. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి వైపు బేరింగ్ మీద అనుమానం, తగ్గితే ఎడమ మీద. ముందా వెనకా అన్నది డ్రైవర్ సీట్లోంచి తేల్చలేం, ఇనుములో శబ్దం పాకుతుంది. స్నేహితుణ్ని వెనక కూర్చోబెట్టు.

రెండూ ఒకేసారి పోవడం అరుదు. గుంతలో ఏ చక్రం పడితే దానిదే ముందు పోతుంది.

ట్రాయ్, ఆటోనగర్ మనిషి

అది బేరింగ్ అని అందరూ అప్పుడే నిర్ణయించేశారు. మొదట వెనక టైర్ల మీద అరచెయ్యి పెట్టి, ముందుకీ వెనక్కీ నిమిరి చూడమనండి. ఆ తరం సివిక్‌లకి వెనక టైర్లు మెట్లు మెట్లుగా అరగడం పాత జబ్బు. అలా అరిగిన టైరు అచ్చం బేరింగ్‌లాగే అరుస్తుంది. రోడ్డు మారితే శబ్దం మారుతుందా చూడు బాబూ. కొత్త తారు మీద తగ్గి, గరుకు కాంక్రీటు మీద పెరిగితే టైరే. టైర్లు ముందువి వెనక్కి మార్పించు, ఇరవై ముప్ఫై డాలర్ల పని. హోరు చోటు మారితే 900 మిగిలినట్టే.

మలుపులో టకటక కొడితే అది సీవీ జాయింట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు). బ్రేక్ దగ్గర కీచుమంటే ప్యాడ్లు. ఈ మూడింటినీ కలిపి 'బేరింగ్' అనేవాళ్లని నేను విజయవాడలోనూ చూశాను, ఇక్కడా చూస్తున్నాను.

నోవై

టైరయితే స్టీరింగ్ ఊపినప్పుడు శబ్దం అంతగా మారదు గురువుగారూ.

ట్రాయ్, ఆటోనగర్ మనిషి

మారుతుంది. బరువు టైరు మీద కూడా పడుతుందిగా. పైగా రెండు వరసల గుండ్లుండే బేరింగ్‌లో లోపలి వరస పోతే నువ్వు చెప్పిన ఎడమ-కుడి లెక్క తిరగబడుతుంది. కారెత్తి చక్రం తిప్పుతూ కాయిల్ స్ప్రింగ్ (చక్రం దగ్గర చుట్టలు చుట్టినట్టుండే స్ప్రింగ్) మీద చెయ్యి పెట్టు. బేరింగ్ పోతే గరగర చేతికి తెలుస్తుంది. అంతకు మించిన పరీక్ష లేదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి ప్లే (వదులుగా కదలడం) చూడటం కూడా మంచిదే, కానీ హోరు మొదలైన చాలా రోజులకి గానీ ప్లే రాదు. ప్లే లేదంటే బేరింగ్ బాగుందని కాదు.

పిట్స్‌బర్గ్

మా పెన్సిల్వేనియాలో కార్లకి ఏటా ఇన్‌స్పెక్షన్ (తప్పనిసరి తనిఖీ) ఉంటుంది, ఇలాంటివి అక్కడే బయటపడతాయి. మీ మిషిగన్‌లో అదీ లేదు. ఏ రాష్ట్రంలోనైనా ఉండాలి అసలు.

డల్లాస్

మాకు టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, కొన్ని కౌంటీల్లో ఎమిషన్ (పొగ) పరీక్ష ఒక్కటే మిగిలింది. ఉన్నన్నాళ్లూ మాత్రం ఏం చూశారు? హారన్, లైట్లు, వైపర్లు. బేరింగ్ శబ్దం ఎవడు విన్నాడు?

కాంటన్, 2003 నుంచి ఇక్కడే

సివిక్‌కి వెనకైతే బేరింగ్‌తో కలిపి హబ్ మొత్తం బోల్టులతో వస్తుంది, ఇంట్లో చేసుకోవచ్చు (నీకు సొంత గరాజ్ ఉంటే!). ముందుది నకిల్‌లో (చక్రాన్ని మోసే ఇనుప భాగం) గట్టిగా ప్రెస్ చేసి ఉంటుంది. దాన్ని ఊడదీసే పుల్లర్ కిట్ పార్ట్స్ షాపులు డిపాజిట్ కట్టించుకుని అరువిస్తాయి, తిరిగిస్తే డబ్బులు వెనక్కి. లేదా సుత్తీ, పాత బేరింగూ అడ్డం పెట్టి...

ట్రాయ్, ఆటోనగర్ మనిషి

సుత్తి మాట ఎత్తకండి. కొత్త బేరింగ్‌ని సుత్తితో కొడితే గుండ్లు వాటి దారిలో నొక్కుకుపోయి మచ్చలు పడతాయి, నెల తిరక్కుండా మళ్లీ అదే హోరు. 'బేరింగ్ కంపెనీ మోసం' అని తిట్టేవాళ్లలో సగం మంది సుత్తి బ్యాచ్. ఇంకోటి, యాక్సిల్ నట్ (ఇరుసు చివరి నట్టు) కొత్తది వేసి, టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగువో కొలిచి బిగించే రెంచ్) బిగించాలి. అది బిగించకుండా కారు నేల మీద దొర్లిస్తే బేరింగ్ అక్కడే దెబ్బతింటుంది. చాలా కార్లలో ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ చదివే అయస్కాంతం వలయం బేరింగ్ సీల్‌లోనే ఉంటుంది. తిరగేసి ఎక్కిస్తే ఏబీఎస్ లైటు ఆరదు.

కాంటన్, 2003 నుంచి ఇక్కడే

నేను సుత్తితో వేసిన బేరింగ్ 70,000 మైళ్లు నడిచింది.

ట్రాయ్, ఆటోనగర్ మనిషి

ఆ కారు ఎవరికో అమ్మేశారు కదా, వాళ్లని అడగాలి.

ఆన్ ఆర్బర్

మీ ఇద్దరి గొడవలో పిల్లాడు పారిపోయేలా ఉన్నాడు. బాబూ, కారు ఎత్తకుండా 900 చెప్పిన చోట చేయించకు. మిషిగన్‌లో రిపేర్ షాపు రాష్ట్రంలో నమోదై ఉండాలి, మెకానిక్‌కి సర్టిఫికెట్ ఉండాలి. పని మొదలుపెట్టే ముందు అంచనా రాతపూర్వకంగా అడుగు, అందులో ఏ వైపు, ముందా వెనకా రాయించు. తీసేసిన పాత బేరింగ్ కావాలని ముందే చెప్పు. అమ్మిన డీలర్ మీద ఆశ పెట్టుకోకు. కొన్నప్పుడు అద్దానికి అంటించిన బయ్యర్స్ గైడ్‌లో 'యాజ్ ఈజ్' (ఉన్నది ఉన్నట్టు, వారంటీ లేదు) గడిలో టిక్ ఉంటే చాలావరకు అంతే.

ఫార్మింగ్టన్ హిల్స్, కొత్త సభ్యుడు

అందరికీ థాంక్స్. టైర్లు నిమిరి చూశాను, నున్నగానే ఉన్నాయి. న్యూట్రల్‌లో హోరు తగ్గలేదు. ఎడమకి తిప్పితే బాగా పెరుగుతోంది, కుడికి తిప్పితే దాదాపు పోతోంది. నాతో వచ్చిన రూమ్మేట్ వెనక కూర్చుని, శబ్దం ముందు నుంచే అంటున్నాడు. ఇంకో షాపులో కారు లిఫ్ట్ మీద పెట్టించాను. ముందు కుడిది ఒక్కటే, 380 అని రాసిచ్చాడు. గురువారం చేయిస్తున్నా. ఈలోపు ఆఫీసుకి రోజూ 22 మైళ్లు వెళ్లొచ్చా?

ట్రాయ్, ఆటోనగర్ మనిషి

ప్లే లేకపోతే రెండు రోజులకి భయం లేదు, కానీ హైవే వద్దు, గ్రాండ్ రివర్ రోడ్డు మీద మెల్లగా వెళ్లు. స్టీరింగ్ వణికినా, ఆగాక ఆ చక్రం మిగతావాటికన్నా వేడిగా అనిపించినా అక్కడితో ఆపెయ్యి. బేరింగ్ ఏ కంపెనీదో అడిగావా?

కాంటన్, 2003 నుంచి ఇక్కడే

ఏదైనా ఒకటేలెండి.

ట్రాయ్, ఆటోనగర్ మనిషి

ఒకటి కాదు. ఎన్‌టీఎన్, కోయో, టిమ్కెన్, ఎస్‌కేఎఫ్‌లలో ఏదో ఒకటి వేయించు బాబూ. కాంటన్ వారితో నేను విడిగా మాట్లాడతాను.