దిగుబడి పెంచడానికీ కరువును తట్టుకోవడానికీ వేర్వేరు దారులా?

ప్రశ్న

గ్రామీణాభివృద్ధి పథకాల నివేదికలు చదివినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతోంది. దాదాపు ప్రతి నివేదికా ఎకరా దిగుబడినే విజయానికి కొలమానంగా చూపుతుంది. వానలు సకాలంలో పడిన ఏడాది ఆ లెక్క బాగానే ఉంటుంది గాని, మొలక వచ్చాక మూడు వారాలు చినుకు రాలకపోతే అదే పొలం ఏమవుతుందో అందులో కనిపించదు. నిధులు పరిమితంగా ఉన్న ఊరు వాటిని సాగునీటికీ మేలురకం విత్తనాలకూ వెచ్చించాలా, లేక నేల బాగుకూ పంటల వైవిధ్యానికీ వెచ్చించాలా? అసలు ఇవి ఒకదానికొకటి అడ్డు అనుకోవడం సరైనదేనా?

సమాధానం 1

అడ్డు కావు, అయితే ముందు ఏది, తర్వాత ఏది అన్నది ముఖ్యం. పడిన వాన నేలలోకి ఇంకనప్పుడు ఎంత మేలైన విత్తనమైనా చేయగలిగింది తక్కువే. పశ్చిమ ఆఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోలో యాకూబా సవడోగో అనే రైతు 1980ల కరువు రోజుల్లో పాత పద్ధతి ఒకదానిని మెరుగుపరిచి బీడు నేలలను సాగులోకి తెచ్చారు. పెచ్చుకట్టి గట్టిపడిన నేలలో 20-30 సెంటీమీటర్ల వెడల్పు, 10-20 సెంటీమీటర్ల లోతు గుంతలను వానలకు ముందే తవ్వి, వాటిలో పశువుల ఎరువు, ఆకూ అలమూ వేస్తారు. ఆ చెత్త కోసం చెదపురుగులు చేరి నేలను సన్నగా తొలుస్తాయి. తొలి వాన పడినప్పుడు నీరు పక్కకు జారిపోకుండా గుంతలో నిలిచి, ఆ తొలిచిన దారుల వెంట లోపలికి దిగుతుంది. జొన్న, సజ్జ గింజలను ఆ గుంతల్లోనే విత్తుతారు. (చెదను శత్రువుగానే చూసేవారికి ఇది మింగుడుపడని విషయమే.) ఇక్కడ దిగుబడిని పెంచిందీ, వాన వెనకాడినప్పుడు పైరును నిలబెట్టిందీ ఒకే గుంత. కాకపోతే పనంతా శారీరక శ్రమతో చేయవలసిందే. చేతులు తక్కువున్న కుటుంబానికి అది మోయలేని భారం.

సమాధానం 2

వైవిధ్యం గురించి ఒక మాట. 1970లో అమెరికాలో మొక్కజొన్నకు ఆకుమాడు తెగులు సోకి, ఆ ఒక్క ఏడాదే దేశం మొత్తం పంటలో సుమారు 15 శాతం పోయింది. రైతులు కొన్నవి రకరకాల పేర్లున్న విత్తనాలే. కాని సంకర విత్తనోత్పత్తిలో మగపూతను చేతితో తీసివేసే ఖర్చు తప్పుతుందని కంపెనీలు ఒకే రకం మగ వంధ్యత్వ మూలాన్ని (మగపూతలో పుప్పొడి పనిచేయకుండా చేసే వంశలక్షణాన్ని) వాడడం వల్ల, సాగైన మొక్కజొన్నలో సుమారు 85 శాతం లోలోపల ఒకే బలహీనతను మోస్తూ ఉంది. కాబట్టి ఊళ్లో ఎన్ని రకాలు వేశారని లెక్కపెట్టడం చాలదు. అవి ఒకే తెగులుకు లొంగుతాయా, ఒకే వారంలో వాన కోసం ఎదురుచూస్తాయా అన్నది చూడాలి.

సమాధానం 3

పై ఇద్దరూ చెప్పింది నిజమే, కాని రైతు ఒకే పంట వేసేది తెలియక కాదు. కొద్దిపాటి చేలో ఐదు పంటలు వేస్తే ఒక్కొక్కటీ కొన్ని బస్తాలే వస్తుంది. అంత తక్కువ సరుకు కోసం వ్యాపారి బండి పంపడు. రోడ్డు, గిడ్డంగి, ఉమ్మడి అమ్మకం లేనిచోట వైవిధ్యాన్ని బోధించడం నా దృష్టిలో అన్యాయం.

కరువు దెబ్బ పొలంతో ఆగదని కూడా గమనించాలి. ఊరంతా ఒకేసారి మేత కరవై, ఒకేసారి పశువులను సంతకు తోలుకుపోవడంతో ధర పడిపోతుంది. అప్పు అడగడానికి వెళితే పొరుగువాడూ అదే స్థితిలో ఉంటాడు. ఇలాంటప్పుడు బీమా ఆదుకోవాలి. అయితే వర్షపాతాన్ని బట్టి పరిహారం చెల్లించే బీమాలో దూరాన ఉన్న వర్షమాపకంలో పడిన వాననే లెక్కిస్తారు కాబట్టి, అక్కడ కురిసి మన చేలో కురవకపోతే పైరు ఎండినా పైసా రాదు. పశువులను అమ్ముకున్న తర్వాత చేతికందే పరిహారమూ పెద్దగా అక్కరకు రాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అయితే నివేదికలో దిగుబడికి తోడు ఏ వివరం అడగాలంటారు?

సమాధానం 4

రెండు అడగండి. మొదటిది, సగటు కాదు, పదేళ్లలో అతి చెడ్డ ఏడాది ఎంత పండింది, ఆ ఏడాది ఎన్ని కుటుంబాలు భూమినో పశువులనో అమ్ముకున్నాయి అన్నది. రెండవది, భూమిపై హక్కు. బుర్కినా ఫాసో పొరుగు దేశమైన నైజర్‌లో చెట్లు ప్రభుత్వానివన్న భావన ఉన్నంతకాలం రైతులు చేలో మొలిచిన వాటిని పీకివేసేవారు. చెట్టు తమకే దక్కుతుందన్న నమ్మకం కుదిరాక, పాత మొదళ్ల నుంచి వచ్చిన చిగుళ్లలో బలమైనవాటిని ఉంచి మిగిలినవి కత్తిరిస్తూ పెంచారు. 1980లలో మొదలైన ఆ పద్ధతి సుమారు 50 లక్షల హెక్టార్లకు విస్తరించింది. నేల బాగుపడడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఏడాదికొకసారి కౌలు మారే రైతు సొంత ఖర్చుతో ఎరువు తోలుతాడని, గట్లు వేస్తాడని ఏ పథకమూ ఆశించజాలదు. మీరు చదివే నివేదికలో కౌలుదారులు ఎందరో, వారి ఒప్పందం ఎన్నేళ్లదో ఉందేమో చూడండి.